గోళీ సరే... చీటీ ఎవరు రాయాలి?

మందుల షాపు మనిషికే మందు రాసే హక్కు ఇస్తున్న దేశాలు
ఖతార్‌లో సంగతి ఎక్కడిదాకా వచ్చింది? మన కూలీలకు ఒరిగేదేంటి?

దోహా: గురువారం సాయంత్రం డ్యూటీ దిగిన మన వాళ్లు క్యాంపుకు చేరేలోపు ఆగే చోట్లు మూడు. ఇంటికి పైసలు పంపే ఎక్స్ఛేంజి ఒకటి. బియ్యం, కూరగాయలు దొరికే బకాలా రెండోది. మూడోది మందుల షాపు.

"భాయ్, కమర్ మే దర్ద్ హై... తేజ్ గోలీ దేదో" అని వచ్చిన హిందీలో అడుగుతారు. కౌంటర్ అవతల ఉండేది ఏ మలయాళీయో, ఈజిప్టు మనిషో. ఆయన ఒకటి రెండు ప్రశ్నలు వేస్తాడు. పెట్టె తీసిస్తాడు. ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది.

డాక్టరు దగ్గరికి ఎందుకు పోరంటే కారణాలు అందరికీ తెలిసినవే. సెలవు అడగాలి. ఫోర్‌మెన్ మొహం చూడాలి. బండి దొరకాలి. క్యూలో కూర్చోవాలి. ఆ రోజు జీతం పోతుందేమోనన్న భయం ఒకటి. మందుల షాపుకైతే ఇవేవీ అక్కర్లేదు. అందుకే ఎడారి దేశంలో మన కూలీకి మొదటి డాక్టరు మందుల షాపులో ఉండే ఫార్మాసిస్టే!

కానీ చట్టం ఆయన్ను డాక్టరు అనదు. ఆయన మందు ఇవ్వొచ్చు. ఎలా వేసుకోవాలో చెప్పొచ్చు. డాక్టరు రాసిన దాంట్లో తప్పుంటే ఫోన్ చేసి అడగొచ్చు. చీటీ మాత్రం రాయకూడదు.

ఈ హద్దును కొన్ని దేశాలు ఇప్పటికే జరిపేశాయి. ఫార్మాసిస్టు కూడా రోగిని చూసి, తన సంతకంతో మందు రాయొచ్చని చట్టాలు మార్చాయి. అలాంటి మార్పు మనం పని చేసే చోటికీ వస్తే ఏమవుతుంది? గోళీ ఇప్పుడూ దొరుకుతోంది కదా, ఇక తేడా ఏముంది అనిపించవచ్చు. తేడా ఉంది. చిన్నది కూడా కాదు.

రాసే హక్కు అంటే?

ఈ విషయంలో ఎక్కువ దూరం నడిచింది బ్రిటన్. అక్కడ 2003లో మొదటి మెట్టు ఎక్కారు. డాక్టరు ముందు జబ్బు ఏమిటో తేల్చాలి. ఆయనతో కలిసి వేసుకున్న ప్లాను ప్రకారం ఆ తర్వాతి మందులు ఫార్మాసిస్టు రాయొచ్చు. 2006లో రెండో మెట్టు. డాక్టరు ప్లానుతో పని లేకుండా, తనకు పట్టున్న జబ్బులకు ఫార్మాసిస్టే సొంతంగా మందు రాయొచ్చన్నారు. 2012లో మత్తు కలిగించే మందుల్లో కూడా చాలావాటిని రాసే అధికారం ఇచ్చారు.

ఇదంతా ఊరికే రాలేదు. ఫార్మసీ డిగ్రీ ఉంటే చాలదన్నారు. దాని మీద కనీసం 26 రోజుల చదువు, మరో 90 గంటలు పర్యవేక్షణలో రోగులను చూసే శిక్షణ పెట్టారు. ఆ కోర్సు పాసైన వాళ్ల పేరు పక్కన రిజిస్టరులో ప్రత్యేకంగా గుర్తు వేస్తారు. ఈ చదువును ఇప్పుడు మామూలు కోర్సులోనే కలిపేశారు. 2026లో శిక్షణ ముగించుకుని కొత్తగా రిజిస్టరయ్యే వాళ్లు రాసే హక్కుతోనే బయటికి వస్తారు.

ఇంగ్లండులో 2024 జనవరి 31న ఇంకో పథకం మొదలైంది. గొంతు నొప్పి, చెవిపోటు, సైనస్, పురుగు కుట్టి చీము పట్టడం, ఆడవాళ్ల మూత్రంలో మంట లాంటి ఏడు రకాల బాధలకు డాక్టరు దాకా పోకుండానే ముందే రాసిపెట్టిన నిబంధనల ప్రకారం ఫార్మసీలో మందు ఇస్తారు.

కెనడాలోని అల్బెర్టా రాష్ట్రం 2007లోనే ఈ బాట పట్టింది. న్యూజిలాండు 2013లో వచ్చింది. కెనడాలోనే ఒంటారియోలో 2023 జనవరి 1 నుంచి 13 రకాల చిన్న జబ్బులకు ఫార్మాసిస్టులు మందు రాయడం మొదలుపెట్టారు.

అన్నిచోట్లా కనిపించే కారణం ఒక్కటే. డాక్టర్లు చాలడం లేదు. క్యూలు పెరిగిపోయాయి. మందుల గురించి ఏళ్ల తరబడి చదువుకున్న మనిషి వీధి చివరే ఉన్నాడు. ఆయన్ను వాడుకుందాం అన్నారు.

ఖతార్‌లో ఎక్కడిదాకా?

ఖతార్‌లో ఫార్మసీ వృత్తికి ఆధారం 1983 నాటి 3వ నంబరు చట్టం. బయటి మందుల షాపులో ఫార్మాసిస్టు తనంత తానుగా చీటీ రాసే విధానం ఇక్కడ లేదు. యాంటీబయాటిక్ కావాలన్నా, బీపీ మందు కావాలన్నా డాక్టరు రాయాల్సిందే. జ్వరం గోళీ, గ్యాస్ మందు, పైపూతలు, కొన్ని దగ్గు మందుల్లాంటివే చీటీ లేకుండా ఇస్తారు.

అలాగని ఇక్కడ కదలికే లేదనుకోకండి. ఖతార్ యూనివర్సిటీలో 2007లో ఫార్మసీ కాలేజీ పెట్టారు. హమద్ మెడికల్ కార్పొరేషన్ ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మాసిస్టులు వార్డుల్లో డాక్టర్లతో పాటు తిరుగుతారు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మందు తెలుసు కదా. దాని డోసు కాస్త ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైనా ప్రమాదమే. రక్తపరీక్ష చూసి ఆ డోసును ఫార్మాసిస్టులే సరిచేసే క్లినిక్కులు ఇక్కడ నడిపిన అనుభవం ఉంది. అల్ వక్రా ఆసుపత్రి అందుకు ఉదాహరణ. ముందే డాక్టర్లతో కలిసి రాసుకున్న పద్ధతి ప్రకారం ఆ పని జరుగుతుంది.

పూర్తి హక్కు సంగతి కూడా చర్చకు వచ్చింది. స్కాట్లండులోని రాబర్ట్ గోర్డన్ యూనివర్సిటీ, ఖతార్ యూనివర్సిటీ, హమద్ కార్పొరేషన్‌కు చెందిన పరిశోధకులు కలిసి, ఫార్మాసిస్టులు మందు రాసే విధానం ఖతార్‌కు కుదురుతుందా అని వాకబు చేశారు. వైద్యం, ఫార్మసీ, నర్సింగ్, విధాన నిర్ణయాల్లో ఉన్న వాళ్లను అడిగారు. ఆ పత్రాలు 2020లో అచ్చయ్యాయి. మొత్తం మీద సుముఖతే కనిపించింది. దాంతోపాటు అనుమానాలూ వచ్చాయి. జబ్బును గుర్తుపట్టే శిక్షణ ఎంత? డాక్టర్లు ఒప్పుకుంటారా? జనం ఫార్మాసిస్టును వైద్యం చేసే మనిషిగా చూస్తారా, లేక కౌంటర్ మీద సరుకిచ్చే మనిషిగానే చూస్తారా?

చివరి ప్రశ్న మనల్ని ఉద్దేశించిందే అనుకోవచ్చు. జవాబు మాత్రం మనం ఎప్పుడో ఇచ్చేశాం. డాక్టరు కంటే ముందు ఆయన దగ్గరికే పోతున్నాం కదా!

చీటీ అడ్డంకి కాదు... అండ

మన వాళ్లలో చాలామందికి చీటీ అంటే చిరాకు. "చీటీ లేకుండ ఇస్తే ఏం పోతది?" అంటారు. పోయేది షాపు వాడికి కాదు, మనకే. ఎలాగంటే...

మొదటిది సెలవు. ఖతార్ కార్మిక చట్టం, అంటే 2004 నాటి 14వ నంబరు చట్టంలోని 82వ అధికరణం ప్రకారం, చేరిన మూడు నెలల తర్వాత కార్మికుడికి జబ్బు సెలవు హక్కు వస్తుంది. ఏడాదిలో మొదటి రెండు వారాలకు పూర్తి జీతం. ఆ తర్వాత నాలుగు వారాలకు సగం జీతం. అయితే జబ్బు ఉందని డాక్టరు సర్టిఫికెట్ చూపించాలి. ఇంటి పనివాళ్లకు, ఇంటి డ్రైవర్లకు ఈ చట్టం కాదు, 2017 నాటి 15వ నంబరు చట్టం వర్తిస్తుంది.

ఇక్కడే ఉంది అసలు కిటుకు. జీతం పోతుందని డాక్టరు దగ్గరికి పోము. షాపులో గోళీ మింగుతాం. మర్నాడు లేవలేక గదిలో పడుకుంటే ఆబ్సెంటు పడుతుంది. చేతిలో కాగితం లేదు కాబట్టి అడగడానికి నోరూ లేదు. జీతం పోతుందని భయపడి చేసిన పనికే జీతం పోతుందన్నమాట. గోళీ నొప్పి తగ్గిస్తుందేమో గానీ సెలవు ఇవ్వలేదు.

బ్రిటన్ ఈ ముడినీ విప్పింది. అక్కడ 2022 జూలై 1 నుంచి ఉద్యోగానికి చూపించే అనారోగ్య పత్రం మీద అర్హత ఉన్న ఫార్మాసిస్టు, నర్సు, ఫిజియోథెరపిస్టు కూడా సంతకం పెట్టవచ్చు. గల్ఫ్‌లో ఎప్పుడైనా ఫార్మాసిస్టుకు రాసే హక్కు ఇస్తే, కూలీ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. మందుతో పాటు సెలవు కాగితం కూడా రాస్తారా? మందొక్కటే రాస్తే సగం పనే అయినట్టు.

రెండోది లెక్క. ఒక షాపులో ఇవాళ డైక్లోఫెనాక్, ఇంకో షాపులో వచ్చే వారం బ్రూఫెన్, మధ్యలో ఊరి నుంచి తెచ్చుకున్నది మరొకటి. ఇలా ఆర్నెల్లు గడిస్తే ఎన్ని మింగామో మనకే తెలియదు. ఇవన్నీ ఒకే జాతి నొప్పి మందులు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోయినప్పుడు ఇవి పడితే కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. బీపీ పెరుగుతుంది. కడుపులో పుండ్లు పడతాయి. ఇక్కడి ఎండ తీవ్రత ప్రభుత్వానికీ తెలుసు. 2021 నాటి నిర్ణయం ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని నిషేధం. అంత ఎండలో రోజూ నొప్పి గోళీ మింగి పనికి పోయే మనిషికి కిడ్నీ పరీక్ష ఎవరు చెప్పాలి? చీటీ రాసే మనిషైతే పాత చీటీలు తిరగేసి, "ఇది నీకు మూడో నెల, ముందు పరీక్ష చేయించు" అనగలుగుతాడు. పెట్టె అమ్మి పంపే మనిషికి ఆ అవకాశమే లేదు.

మూడోది పోలీసు. ఖతార్‌లో మాదకద్రవ్యాల మీద 1987 నాటి 9వ నంబరు చట్టం ఉంది. మన దగ్గర మామూలుగా రాసే మందులు కొన్ని ఇక్కడ ఆ కోవలోకి వస్తాయి. నడుం నొప్పికి వేసుకునే ట్రమడాల్, షుగరు వాళ్లు అరికాళ్ల మంటలకు వాడే ప్రిగాబాలిన్, నిద్రకు వేసుకునే ఆల్‌ప్రజోలం, డయాజిపామ్, క్లోనజిపామ్, జోల్పిడెమ్, కోడీన్ కలిసిన దగ్గు మందు... ఇవి తేవద్దని దోహాలోని భారత రాయబార కార్యాలయం హెచ్చరించింది. మిగతా మందులైనా సొంత వాడకానికే తెచ్చుకోవాలి. నెల రోజులకు మించకూడదు. డాక్టరు చీటీ వెంట ఉండాలి.

మన పల్లెల్లో కల్తీ కల్లుకు అలవాటు పడి వచ్చేవాళ్ల కష్టం వేరు. ఆ కల్తీలో కలిపేది తరచూ ఈ ఆల్‌ప్రజోలం, డయాజిపామ్‌లే. ఇక్కడికి రాగానే అది దొరకదు. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ కూడా రావచ్చు. అలాంటప్పుడు దొంగచాటుగా గోళీ వెతికితే జైలు. సిగ్గు పడకుండా ఆసుపత్రికి పోతే వైద్యం. మధ్య దారి లేదు.

నాలుగోది బీమా. ప్రవాసులకు ఆరోగ్య బీమాను తప్పనిసరి చేస్తూ, ఆ బాధ్యత యజమానుల మీద పెడుతూ ఖతార్ 2021లో 22వ నంబరు చట్టం చేసింది. అది దశలవారీగా అమలయ్యే చట్టం. సందర్శకులకు 2023 ఫిబ్రవరి 1 నుంచి మొదలుపెట్టారు. బీమా వచ్చాక డబ్బు కట్టే కంపెనీ మొదట అడిగేది ఎవరు రాశారు, ఏం రాశారు అనే. చీటీ లేని మందుకు జేబులో పైసలే గతి.

ఇప్పుడు తెలిసిందా తేడా? మందు ఇవ్వడం వేరు, రాయడం వేరు. ఇచ్చే చోట సరుకు చేతులు మారుతుంది. రాసే చోట ఒక మనిషి తన పేరు పెట్టి బాధ్యత తీసుకుంటాడు.

మన ఊరి అలవాటు

నిజానికి ఈ అలవాటు మనం విమానంలో వెంట తెచ్చుకున్నదే. కరీంనగర్‌లో అయినా, కడపలో అయినా జ్వరమొస్తే ముందు ఆర్‌ఎంపీ, లేదంటే మెడికల్ షాపు. "రెండు పూటలకు గోళీలు కట్టియ్యి" అంటే మూడు రంగుల గోళీలు చిన్న పొట్లంలో పెట్టిస్తారు. వాటి పేరు అడిగే అలవాటు మనకు లేదు. చెప్పే అలవాటు వాళ్లకు లేదు.

చట్టం మాత్రం అలా లేదు. మన దేశంలోనూ షెడ్యూల్ హెచ్ మందులను చీటీ లేకుండా అమ్మకూడదు. 2014 మార్చి 1 నుంచి హెచ్1 అనే కొత్త జాబితా అమల్లోకి వచ్చింది. గట్టి యాంటీబయాటిక్‌లు, నిద్ర మందులు, టీబీ మందులు కొన్ని అందులో ఉన్నాయి. అవి అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది పుస్తకంలో రాసి మూడేళ్లు దాచాలి. 2008లో ఆరేళ్ల ఫార్మ్‌డీ కోర్సు కూడా తెచ్చారు. ఆసుపత్రుల్లో రోగుల పక్కన నిలబడి మందులు చూసే చదువది. అయినా అది చదివిన వాళ్లకూ మన దేశంలో మందు రాసే హక్కు లేదు.

అంటే విచిత్రం చూడండి. చదువుకున్న ఫార్మాసిస్టుకు రాసే హక్కు లేదు. చదువుకోని చేతులు మాత్రం రోజూ మందులు ఇస్తూనే ఉన్నాయి. హక్కు ఇవ్వనంత మాత్రాన పని ఆగలేదు. లెక్కాపత్రం లేకుండా నడుస్తోంది, అంతే. చట్టబద్ధంగా హక్కు ఇవ్వాలనే వాళ్ల వాదనలో బలం ఇదే.

డాక్టర్లు కాదంటున్నదెందుకు?

అయితే అవతలి వాదన కూడా తోసిపుచ్చేది కాదు. ఫార్మాసిస్టు చదివింది మందుల గురించి. జబ్బు గుర్తుపట్టడం వేరే విద్య. దానికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఛాతీ నొప్పి. "గ్యాస్ పట్టిందన్నా" అని ఈనోనో, జెలూసిలో తాగి పడుకుంటారు. గుండెపోటు కూడా చాలాసార్లు గ్యాస్ నొప్పి వేషంలోనే వస్తుంది. కౌంటర్ దగ్గర నిలబెట్టి ఈసీజీ తీయలేరు. రెండు నిమిషాల్లో తేల్చకూడని బాధలు ఇలాంటివి ఎన్నో.

రెండో అభ్యంతరం డబ్బుది. రాసేదీ ఆయనే, అమ్మేదీ ఆయనే అయితే? పది రియాళ్ల మందు చాలిన చోట యాభై రియాళ్లది రాయడని నమ్మకం ఏమిటి? అందుకే బ్రిటన్‌లో రాసే పని, ఇచ్చే పని వీలైనంత వరకు వేర్వేరు చేతుల్లో ఉండాలని నియమం పెట్టుకున్నారు. అక్కడ మందు రాసే ఫార్మాసిస్టుల్లో చాలామంది షాపుల్లో కాదు, డాక్టర్ల క్లినిక్కుల్లో, ఆసుపత్రుల్లో కూర్చుని పని చేస్తున్నారు. తప్పు రాస్తే లైసెన్సు కూడా పోవచ్చు.

మూడో భయం మనది. దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. ఫార్మాసిస్టు కూడా రాయొచ్చంటే, కొన్ని కంపెనీలు దాన్ని సాకుగా తీసుకోవచ్చు. "ఆసుపత్రి ఎందుకు, షాపుకు పోయి రా" అని పంపేస్తే? డాక్టరు చూడాల్సిన మనిషి కూడా కౌంటర్ దగ్గరే ఆగిపోతాడు. ఆఫీసులో పని చేసేవాడు డాక్టరు దగ్గరికి, కూలీ మాత్రం షాపుకు అన్నట్టు రెండు రకాల వైద్యం తయారవుతుంది. ఏ జబ్బులు ఫార్మాసిస్టు చూడొచ్చు, ఎప్పుడు డాక్టరుకు పంపి తీరాలి అన్న జాబితా గట్టిగా లేకపోతే ఈ హక్కు వల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

మాట తెలిసిన మనిషి

ఇంకో చిక్కు భాషది. "కళ్లు తిరుగుతున్నయి", "ఒళ్లంతా గుంజుతున్నది", "గుండెల్లో దడ", "కాళ్లు తిమ్మిరెక్కుతున్నయి" - ఈ మాటలకు హిందీలో, ఇంగ్లీషులో సరైన మాట తెలియక "బాడీ పెయిన్" అనేస్తాం. అవతలి మనిషి దానికి తగ్గ గోళీ ఇచ్చేస్తాడు. షుగరు పడిపోయి కళ్లు తిరగడం, బీపీ పెరిగి తిరగడం, ఎండదెబ్బకు తిరగడం... మూడూ మూడు రకాలు. మాట తప్పితే మందు తప్పుతుంది.

అందుకే మన తెలుగు ఫార్మసీ గ్రాడ్యుయేట్ల మీద ఆశ. రెండు రాష్ట్రాల్లో ఫార్మసీ కాలేజీలకు కొదవ లేదు. అక్కడ చదివిన పిల్లలు గల్ఫ్ ఫార్మసీల్లోనూ ఉన్నారు. ఖతార్‌లో ఫార్మాసిస్టుగా పని చేయాలంటే సర్టిఫికెట్లను పుట్టిన చోటు నుంచి ధ్రువీకరించే డేటాఫ్లో పరిశీలన, ప్రోమెట్రిక్ పరీక్ష, ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఇచ్చే లైసెన్సు ఉండాలి. వేరే వీసా మీద వచ్చి షాపులో మందులు ఇవ్వడం కుదరదు. రేపు రాసే హక్కు వచ్చినా అది దొరికేది రోగిని చూసే చదువు కూడా ఉన్నవాళ్లకే. ఈ దారిలో రావాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఏజెంటు మాట కంటే ముందు ఈ మూడు మెట్లూ చూసుకోవాలి.

కౌంటర్ దగ్గర గుర్తుంచుకోండి

హక్కు రేపు రావచ్చు, పదేళ్లకు రావచ్చు. ఈలోగా మన చేతిలో ఉన్నవి ఇవి:

* మీరు రోజూ వాడే మందుల అసలు పేర్లు చిన్న కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. కంపెనీ పేరు దేశం మారితే మారుతుంది. ఊర్లో గ్లైకోమెట్, ఇక్కడ గ్లూకోఫేజ్. రెండూ మెట్‌ఫార్మినే.

* డోలో, క్రోసిన్, పనడాల్, అడాల్... అన్నింటిలో ఉండేది పారసిటమాలే. జలుబు గోళీల్లో కూడా చాలావాటిలో అదే ఉంటుంది. ఒకటి పని చేయలేదని ఇంకోటి కలిపి వేయకండి. 500 మిల్లీగ్రాముల గోళీలైతే పెద్దవాళ్లు రోజు మొత్తం మీద 8 దాటకూడదు. దాటితే లివర్‌కు ప్రమాదం.

* బీపీ, షుగరు, కిడ్నీ, అల్సర్ ఏది ఉన్నా అడగకపోయినా ముందే చెప్పండి. నొప్పి గోళీ అడిగేటప్పుడు తప్పనిసరిగా చెప్పండి.

* మూడు రోజులు గోళీ వేసినా తగ్గకపోతే నాలుగో రోజు షాపుకు కాదు, డాక్టరు దగ్గరికి.

* ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, ఎండలో పడిపోయి మాట తడబడటం... వీటికి షాపు వద్దు. వెంటనే 999కి ఫోన్ చేయండి.

* హెల్త్ కార్డు గడువు చూసుకోండి. కార్మికుల కోసం మెసయిమీర్, హమైలా, జిక్రీత్ లాంటి చోట్ల రెడ్ క్రిసెంట్ ఆరోగ్య కేంద్రాలు నడిపింది. ఇండస్ట్రియల్ ఏరియాలో 2018లో హజ్మ్ మెబైరీక్ ఆసుపత్రి తెరిచారు. మీ కార్డు ఏ కేంద్రానికి చెందుతుందో క్యాంపు బాస్‌ను అడిగి తెలుసుకోండి.

* డాక్టరును చూసిన ప్రతిసారీ కాగితం అడిగి తీసుకోండి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

* ఊరి నుంచి వచ్చే వాళ్లతో మందులు తెప్పించుకోకండి. మీరు వచ్చేటప్పుడు ఇంకొకరి మందుల పొట్లం పట్టుకు రాకండి. పైన చెప్పిన మందులు ఊర్లో వాడుతూ ఉంటే బయలుదేరే ముందే డాక్టరుకు చెప్పి మార్పించుకోండి. సొంతంగా ఒక్కసారిగా ఆపేయడం కూడా ప్రమాదమే.

* చిక్కుల్లో పడితే రాయబార కార్యాలయం అండతో నడిచే ఇండియన్ కమ్యూనిటీ బెనెవలెంట్ ఫోరం ఉంది. వాళ్లు పెట్టే వైద్య శిబిరాలకు సిగ్గు పడకుండా వెళ్లండి.

ఫార్మాసిస్టుకు రాసే హక్కు ఇవ్వాలా వద్దా అన్నది పెద్దలు తేల్చాలి. ఇస్తే శిక్షణతో ఇవ్వాలి, లెక్కతో ఇవ్వాలి, సెలవు కాగితంతో కలిపి ఇవ్వాలి. అప్పుడే అది కూలీకి అక్కరకొస్తుంది. అప్పటిదాకా కౌంటర్ అవతలి మనిషి ఒక ప్రశ్న ఎక్కువ వేస్తే విసుక్కోకండి. "డాక్టరుకు చూపించు" అని పంపేస్తే కోపం తెచ్చుకోకండి. అడగ్గానే ఏ గోళీ అయినా ఇచ్చేవాడికంటే, ఒక్కోసారి ఇవ్వనని చెప్పేవాడే మన మేలు కోరినవాడు.